పోనీలే, తాతయ్యే కదా

నలభై ఏళ్లకే తాతయ్య అయిపోయాడు అతను. మనవలు పుట్టి కాదు; ఉన్న ఒక్క కూతురూ ఇంకా ఏడో తరగతి చదువుతోంది. సైకిల్ పందేల లోకంలో ముప్ఫై దాటినవాడు పెద్దవాడు, ముప్ఫై అయిదు దాటినవాడు ముసలివాడు. జట్టులో మిగతావాళ్లంతా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు ఒకరోజు భోజనాల దగ్గర "తాతయ్యా, ఆ ఉప్పు ఇటివ్వు" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఆ నవ్వడమే పొరపాటైంది. ఆనాటి నుంచి మసాజ్ చేసే మనిషి దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ దాకా అందరికీ అతను తాతయ్యే.

ఈ తాతయ్య ఒకప్పుడు పెద్ద రేసు గెలిచిన మనిషి. పదకొండేళ్ల కిందటి మాట. ఏడాదికొకసారి, చలి తగ్గీ తగ్గకముందే జరుగుతుంది ఆ పందెం. ఒకే రోజులో రెండువందల ముప్ఫై కిలోమీటర్లు. దారిలో ఎనిమిది ఎత్తులు. ఆఖరి ఎత్తు పేరు గోడ. ఎక్కేవాడి ముక్కు రోడ్డుకు రాసుకుంటుందేమో అన్నంత నిటారుగా ఉంటుంది. గెలిచిన మరుసటి ఏడు తాతయ్యకు రెండో స్థానం వచ్చింది. ఆపైన నాలుగు, ఆపైన పదకొండు, ఆపైన ఒకసారి తుంటి ఎముక విరిగి ఆసుపత్రి, ఆ తర్వాత వరసగా అరవైలు, డెబ్బైలు. కిందటేడు గోడ మధ్యలో దిగిపోయి సైకిల్ తోసుకుంటూ ఎక్కాడు. ఆ ఫొటో పేపర్లో కూడా పడింది.

ఈ ఏడు జట్టు పట్టికలో అతని పేరే లేదు.

పట్టిక బయటికొచ్చిన రోజు నుంచి ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. కూర్చుంటే లేస్తాడు, లేచాక ఎందుకు లేచాడో మరిచిపోతాడు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి కాసేపు చూసి, ఏమీ తీసుకోకుండా మూస్తాడు. శుభ్రంగా ఉన్న చైనును మూడుసార్లు శుభ్రం చేశాడు. బాగానే పనిచేస్తున్న కుళాయిని విప్పి బిగించి కారేలా చేశాడు. తింటున్నప్పుడు బల్ల కింద కాళ్లు వాటంతట అవే తొక్కుతుంటాయి, పైన గ్లాసుల్లో నీళ్లు వణుకుతుంటాయి.

"నాన్నా, ఇప్పుడు మనం ఎన్నో కిలోమీటర్లో ఉన్నాం?" అని అడిగింది కూతురు తన గ్లాసు పట్టుకుని.

భార్య మాత్రం నవ్వలేదు. "పేరు లేదంటే ఒప్పుకోండి. లేదంటే వెళ్లి పోట్లాడండి. రెండూ చెయ్యకుండా నా వంటింటి కుళాయిల మీద పడితే ఎట్లా?" అంది.

పోట్లాడటానికి మొహం చెల్లలేదు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఎవరూ తొక్కమనకపోయినా రోజూ పొద్దున్నే సైకిలెక్కి, అయిదు గంటలు తొక్కి, తడిసి ముద్దయి ఇంటికి వచ్చేవాడు.

పందెం ఇంకా పదిరోజులుందనగా మేనేజర్ ఫోన్ చేశాడు.

"అన్నా, మనవాడొకడు ప్రాక్టీసులో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఎనిమిదో మనిషి కావాలి."

"వస్తా."

"పూర్తిగా విను ముందు. నీ పందెం నువ్వు తొక్కడానికి కాదు. రాకెట్ కోసం. సీసాలు మోయాలి, వాడికి గాలి తగలకుండా ముందుండాలి."

"వస్తానన్నాగా."

సీసాలన్న మాటకు ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చి ఉంటుంది. ఈ మేనేజర్ తాతయ్య కంటే నాలుగేళ్లు చిన్న. పదకొండేళ్ల కిందట తాతయ్య గెలిచిన రోజున, చొక్కా వెనకా ముందూ ఏడేసి సీసాలు కుక్కుకుని, కార్ల దగ్గరికీ గుంపు దగ్గరికీ గానుగెద్దులా తిరిగింది అతనే. ఇప్పుడు కారులో కూర్చుని చెవిలో ఆజ్ఞలు చెప్తున్నాడు. రాకెట్ అనేవాడు ఇరవైమూడేళ్ల కుర్రాడు, జట్టంతా నెత్తిన పెట్టుకున్న కొత్త ఆశ.

"సరే అన్నా. రేపు వర్క్‌షాపుకి రా" అని మేనేజర్ పెట్టేశాడు.

ఈ కబురు చెప్పడానికి తాతయ్య ఆగలేకపోయాడు. నడిచి వెళ్తే పది నిమిషాలు పట్టే దూరాన్ని పరిగెత్తినంత పని చేసి భార్య దుకాణానికి వెళ్లాడు. ఆవిడది కళ్లజోళ్ల దుకాణం. ముందు అద్దాల అరలు, వెనక చూపు పరీక్ష చేసే కుర్చీ, పక్కన లెన్సు అరగదీసే యంత్రం. ఆవిడ అప్పుడు ఒక ఫ్రేములో లెన్సు కూర్చోబెడుతోంది, రెండు చేతులూ ఖాళీగా లేవు.

"రమ్మన్నారు" అన్నాడు రొప్పుతూ.

"మంచిది. ఆ చీటీ మీద నంబరెంతో చదవండి. చేతులు ఖాళీ లేవు."

తాతయ్య చీటీ తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు. కొంచెం దూరం జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. చెయ్యి పూర్తిగా చాచేశాక "రెండున్నర" అన్నాడు.

ఆవిడ లెన్సు వదిలేసి అతని వంక చూసింది. "ఎన్నాళ్లనుంచి?"

"ఏది?"

"చెయ్యి సాగడం."

జవాబు చెప్పకముందే లాక్కెళ్లి వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగోడ మీద అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. చేతిలో పెట్టిన చిన్న అట్టముక్క మాత్రం చీమలు పాకినట్టు కనిపించింది.

"దూరపు చూపు బ్రహ్మాండం. దగ్గరదే తగ్గింది. నలభై వచ్చిందిగా, అందరికీ వచ్చేదే" అంది ఆవిడ, రోజుకు పదిమందికి చెప్పే గొంతుతో.

"జట్టులో ఎవరి చెవినా వెయ్యకు."

"వేస్తే ఏమవుతుంది?"

"కాళ్లు పోయాయనుకున్నాం, కళ్లు కూడా పోయాయంటారు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి సాకు కోసమే చూస్తున్నారు."

ఆవిడ దీపం ఆర్పి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. మీరు మళ్లీ గెలుస్తారని అనుకుంటున్నారా?"

తాతయ్య చాలాసేపు అట్టముక్కను అటూ ఇటూ తిప్పాడు. "అనుకోవట్లేదు. కానీ గెలుస్తానేమోనన్న అనుమానం పోవట్లేదు. అది పూర్తిగా చచ్చిపోతే హాయిగా మానేస్తా. అదే చావదు."

బయట గంట మోగితే ఆవిడ లేచి వెళ్లింది.

మర్నాడు వర్క్‌షాపులో బావమరిది ఎదురయ్యాడు. అతను జట్టు మెకానిక్. చేతులెప్పుడూ నల్లగా, నోరెప్పుడూ నవ్వుతూ ఉంటుంది. అక్కను తాతయ్యకిచ్చి చేసింది మొదలు బావను ఆటపట్టించడం తన హక్కని అతని నమ్మకం. అతను తాతయ్య సైకిల్‌ను స్టాండుకెక్కించి, హ్యాండిల్ మీదుండే చిన్న తెర బిగిస్తున్నాడు. వేగం, దూరం, ఎంత బలంతో తొక్కుతున్నామన్నది అన్నీ ఆ తెర మీదే కనిపిస్తాయి. కుర్రాళ్లు దాని వంక చూడకుండా ఊపిరి కూడా పీల్చరు.

"ఆ పెట్టె తీసెయ్. నాకొద్దు" అన్నాడు తాతయ్య.

బావమరిది స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "కనపడట్లేదా బావా?"

"మీ అక్క చెప్పిందా?"

"అక్క చెప్పక్కర్లేదు. మొన్న టైరు మీద గాలి నంబరు చదవడానికి నువ్వు గది అవతలికి వెళ్లి నిలబడ్డావు. అప్పుడే తెలిసింది."

తాతయ్యకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. బావమరిది మారుమాట లేకుండా తెర ఊడదీసి, దాని చోట ఒక ప్లాస్టర్ అంటించి, ఎనిమిది ఎత్తులు ఎన్నెన్ని కిలోమీటర్ల దగ్గర వస్తాయో మార్కర్‌తో బొద్దుగా రాశాడు. "సినిమా పోస్టర్ మీద హీరో పేరంత రాశా. ఇది కూడా కనపడకపోతే నాకు చెప్పు, వెనక కూర్చుని చదివి పెడతా."

పందెం రోజు పొద్దున వాన మొదలైంది. కిటికీలకు ఆవిరి పట్టిన బస్సులో మేనేజర్ బోర్డు మీద గీతలు గీసి చెప్పాడు. మొదట్లో కొందరు గుంపును వదిలి ముందుకు పోతారు. వాళ్లతో తాతయ్య పోవాలి. మన మనిషి ముందుంటే తరిమే పని మనకుండదు, మిగతా జట్లే తరిమి అలిసిపోతాయి. ఎలాగూ సాయంత్రానికి ముందువాళ్లు దొరికిపోతారు. దొరికాక తాతయ్య రాకెట్‌ను గోడ దాకా తీసుకెళ్లాలి.

"తాతయ్యా, మరీ దూరం పోకు. తప్పిపోతావు" అన్నాడు రాకెట్. బస్సంతా నవ్వింది. తాతయ్య బూట్ల తాళ్లు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు.

ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆరుగురు విడిపోయారు. తాతయ్య వాళ్లలో ఒకడు. వెనక్కి తిరిగి చూస్తే నూటయాభై మంది గుంపు రోడ్డంతా పరుచుకుని, తీరుబడిగా, టిఫిన్లు చేస్తున్నట్టు వస్తోంది. ఒక్కడు కూడా లేచి తొక్కలేదు.

ఆ గుంపును తన గుప్పిట్లో పెట్టుకున్నది నక్క. నక్క అంటే తాతయ్యకు ఒకప్పటి ప్రత్యర్థి. పదకొండేళ్ల కిందట అరచక్రం తేడాతో ఓడినవాడు. ఇప్పుడు అందరికంటే బలమైన జట్టుకు మేనేజర్. అతని మనుషులు తరిమితేనే మిగతావాళ్లు తరుముతారు, వాళ్లు ఆగితే అందరూ ఆగుతారు. వాళ్లు ఆగారు.

అరవయ్యో కిలోమీటరుకు ఆరుగురికీ గుంపుకూ మధ్య తొమ్మిది నిమిషాల దూరం. నూట ఇరవైకి పదకొండు నిమిషాలు.

"అన్నా, ఎవరూ కదలట్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు" అన్నాడు మేనేజర్ చెవిలో.

తాతయ్యకు మాత్రం కుదురు లేదు. పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అక్కడ వాన తప్ప ఏమీ ఉండదు. పక్కనున్నవాళ్లను ఎగాదిగా చూసి లెక్కలు కడతాడు: ఇతనికి మోకాలు లోపలికి తిరుగుతోంది, అయిదో ఎత్తు దాటడు. అతను తినడం మానేశాడు, ఇంకో గంటలో చేతులెత్తేస్తాడు. ఎర్ర హెల్మెట్‌వాడు ప్రతి మలుపులోనూ బ్రేకు గట్టిగా నొక్కుతున్నాడు. ఒక్క పొడుగోడే అంతు చిక్కలేదు. పొడుగోడు నక్క జట్టు కుర్రాడు, ఇరవైనాలుగేళ్లు. చెమటైనా పట్టనట్టు, నోరైనా తెరవకుండా తొక్కుతున్నాడు.

లెక్క తప్పలేదు. అయిదో ఎత్తు మీద ఒకడు, ఆరో ఎత్తు మీద ఇద్దరు వెనకబడ్డారు. ఏడో ఎత్తు దిగేటప్పుడు ఎర్ర హెల్మెట్‌వాడు మలుపులో జారి గడ్డిలో కూర్చున్నాడు. దెబ్బలేమీ తగల్లేదు, కానీ అతని పందెం అక్కడితో సరి. మిగిలింది తాతయ్య, పొడుగోడు.

అప్పటికి గుంపు నిద్ర లేచింది. పదకొండు నిమిషాలు ఏడయ్యాయి, ఏడు మూడున్నరయ్యాయి. ఇంకా ముప్ఫై అయిదు కిలోమీటర్లున్నాయి. వేళ్లకు స్పర్శ పోయింది, తుంటిలో పాత నొప్పి పంటి నొప్పిలా సలుపుతోంది. జట్టు కారు పక్కకు వచ్చింది. మేనేజర్ అద్దం దించాడు. వెనకసీట్లో విడిచక్రాల మధ్య బావమరిది ముడుచుకుని కూర్చున్నాడు.

"అన్నా, బాగా చేశావు. ఇక చాలు. రాకెట్ వెనక గుంపులో బాగున్నాడు. ఆగిపో. వాళ్లు వచ్చాక వాణ్ని గోడ దాకా లాగు."

తాతయ్య తొక్కుతూనే ఉన్నాడు. "నేను ఆగితే వాడు గెలుస్తాడా?"

"గెలవొచ్చు."

"గెలుస్తాడా అని అడుగుతున్నా."

"ఎవరు చెప్పగలరు అన్నా అది?"

"మరి నా సంగతి మాత్రం ఎవరు చెప్పగలరు?"

మేనేజర్ మొహం మీద వాన కొడుతోంది, తుడుచుకోలేదు. అతనికీ పైనున్నవాళ్లున్నారు. జట్టు నడిపేవాళ్లు రాకెట్ కోసం నడుపుతున్నారు. రేడియోలో అతను పలికే ప్రతి మాటా జట్టంతా వింటుంది. ఏదో అనబోయి, మైకు చేత్తో మూసి, బయటికి వంగాడు.

"గోడ మొదలయ్యేదాకా చూస్తా. అక్కడ రెండు నిమిషాలుంటే నీ ఇష్టం. ఒక్క సెకను తగ్గినా ఆగాలి. మాటివ్వు."

"ఇచ్చా."

కారు వెనక్కి పోయింది. అప్పటినుంచి గోడ అడుగు వరకూ ఉన్న పాతిక కిలోమీటర్లూ తాతయ్య ఒక్కడే గాలికి ఎదురు తొక్కాడు. పొడుగోడు వెనక చక్రానికి అంటుకుపోయి, ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. తాతయ్య మోచేత్తో సైగ చేశాడు, మాటల్తో అడిగాడు, చివరికి తిట్టాడు.

"మా సారు వద్దన్నారు అంకుల్. మావాళ్లు వెనకొస్తున్నారట" అన్నాడు పొడుగోడు, పాపం మర్యాదగానే.

ఆ అంకుల్ అన్న మాటకు తాతయ్యకు ఎక్కడలేని ఊపూ వచ్చింది.

గోడ కనిపించింది. ఇళ్ల మధ్య నుంచి నిచ్చెనలా పైకి లేచిన రోడ్డు, రెండు పక్కలా గొడుగులు, అరుపులు. పందెం మోటార్ సైకిల్ ఒకటి ముందుకు వచ్చి, వెనక కూర్చున్న మనిషి నల్ల పలక తిప్పి చూపించాడు. దాని మీద సుద్దతో వెనకవాళ్లకున్న దూరం రాసి ఉంది. దూరపు చూపు బ్రహ్మాండం అని భార్య ఊరికే అనలేదు. ఒక నిమిషం నలభై.

తాతయ్య మాటిచ్చాడు. తొక్కుడు దానంతటదే నెమ్మదించింది.

అప్పుడే చెవిలో రేడియో గరగరలాడింది. "రెండు నిమిషాలుంది అన్నా" అన్నాడు మేనేజర్, జట్టంతా వినేలా, స్పష్టంగా. "రెండు నిమిషాలు. నీ ఇష్టం."

తాతయ్య పలక వంక ఇంకోసారి చూశాడు. ఒకటి నలభై. వెనక వస్తున్న కారు వంక తిరిగి చూశాడు. వాన తుడిచే పుల్లల వెనక మేనేజర్ మొహం కనిపించలేదు. ఏమీ అనకుండా సీటు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

గోడ ఎక్కడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. కిందటేడు దిగిపోయిన చోట జనంలో ఎవరో "తాతా, దిగు!" అని అరిచారు, ఇంకెవరో వాణ్ని తిట్టారు. తాతయ్య దిగలేదు. పొడుగోడు చక్రం వదల్లేదు. పైకి చేరేసరికి వెనకవాళ్లు యాభై సెకన్లలోకి వచ్చేశారు. వాళ్లలో రాకెట్ కూడా ఉన్నాడు. గమ్యం ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.

చివర్లో పరుగు పందెమైతే పొడుగోడి ముందు తన పప్పులుడకవని తాతయ్యకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా ఈ గోడ ఎక్కుతున్నవాడికి ఇంకొకటి కూడా తెలుసు. పైకి చేరిన ప్రతివాడూ ఒక్క క్షణం బతికాననుకుంటాడు. ఊపిరి వదులుతాడు, సీసా అందుకుంటాడు, చొక్కా జిప్పు లాక్కుంటాడు. ఎవడూ అక్కడ దాడి చెయ్యడు, చెయ్యడానికి ఒంట్లో ఏమీ మిగలదు కాబట్టి. తాతయ్య ఒంట్లోనూ ఏమీ లేదు. భుజం మీదుగా చూశాడు. పొడుగోడి కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి జిప్పు దగ్గరికి వెళ్లింది.

తాతయ్య పెద్ద గేరు వేసి దూకాడు.

పొడుగోడు తేరుకునేసరికి మధ్యలో ముప్ఫై గజాలు. ఆ ముప్ఫై గజాలు పూడ్చలేకపోయాడు. ఎనిమిది కిలోమీటర్లూ తాతయ్య ఎలా తొక్కాడో తాతయ్యకే తెలియదు. చెవిలో మేనేజర్ కేకలు, వాటి వెనక బావమరిది "బావా! బావా!" అని గొంతు చించుకోవడం మాత్రం వినిపించింది. గీత దాటాక చేతులెత్తుదామనుకుంటే చేతులు లేవలేదు. వెనకవాళ్లు ఏడు సెకన్ల తర్వాత వచ్చారు. పొడుగోణ్ని వాళ్లు మింగేశారు. రాకెట్ రెండోవాడు.

అందరూ మీద పడ్డారు. బావమరిది ఎత్తుకుని తిప్పాడు. రాకెట్ వచ్చి నిలబడ్డాడు, మొహం బురద, కళ్లు ఎర్రగా.

"నువ్వు ఆగితే నేను గెలిచేవాణ్ని తాతయ్యా."

"గెలిచేవాడివేమోరా" అన్నాడు తాతయ్య. అబద్ధం చెప్పాలనిపించలేదు. రాకెట్ తల ఊపి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

మేనేజర్ కారు దిగి వచ్చినప్పుడు తాతయ్య మెల్లగా అడిగాడు: "ఎంత ఉండింది అక్కడ?"

"రెండు నిమిషాలు."

"పలక చూశాను."

"పలక రాసేవాడికి లెక్కలు రావన్నా" అని మేనేజర్ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

అంతా బాగానే ఉండేది, నక్క రాకపోతే. బహుమతుల వేదిక వెనక, తాతయ్య తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చున్న చోటికి అతను వచ్చాడు. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే.

"గురూ, శభాష్. తప్పు నాదేలే. పొద్దున మావాళ్లు, మనవాడొకడు ముందున్నా సరే తరుముదామా సారూ అని అడిగారు. పోనీలే, తాతయ్యే కదా అన్నాను. పదకొండేళ్లలో ఇంత ఖరీదైన మాట అనలేదు నేను." భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎగతాళికి అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి వచ్చాక ఫోన్లు, పూలు, పక్కింటివాళ్లు, ఫొటోలు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలకు వచ్చినవాళ్లు ఆయనెక్కడా అని అడుగుతున్నారట. కూతురి స్కూల్లో పిలిచి మాట్లాడమన్నారు. గెలిస్తే లోపలి కుతకుత ఆగిపోతుందనుకున్నాడు తాతయ్య. ఆగలేదు సరికదా, కొత్తది పట్టుకుంది. పందెం వీడియో పెట్టుకుని, తను గీత దాటే చోటు కాకుండా, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆరుగురు విడిపోయే చోటే మళ్లీ మళ్లీ చూసేవాడు. నక్క మనుషులు కారు వైపు తిరిగి ఏదో అడగడం, అటునుంచి జవాబు రావడం, భుజాలు ఎగరేసి వెనక్కి వాలడం. "వీళ్లలో ప్రమాదకరమైనవాళ్లు ఎవరూ లేరు" అంటాడు వ్యాఖ్యాత. అక్కడ ఆపేవాడు. మళ్లీ మొదటినుంచి.

నాలుగోరోజు భార్య టీవీ ప్లగ్గు పీకేసింది.

"ఏమిటి మీ బాధ?"

"గెలవలేదు నేను. వాళ్లు వదిలేశారు."

"వదిలేస్తే? మిగతా రెండువందల కిలోమీటర్లూ ఎవరు తొక్కారు, నక్కా? మిగతా అయిదుగుర్నీ కూడా వదిలేశారుగా, వాళ్లేరీ?"

మాట సరైనదే. తాతయ్యకు అది అర్థమైంది కూడా. అర్థమైనా ఒంటికి పట్టలేదు. పెరట్లోకి వెళ్లి, ఎండిన బట్టల్ని తీసి, తడివనుకుని మళ్లీ ఆరేశాడు.

నెలరోజులకు ఇంకో పందెం వచ్చింది. పెద్ద రేసంత కాదు గానీ మంచి జట్లన్నీ వచ్చేదే. ఇల్లున్న చోటికి దగ్గర కావడంతో ఆవిడ దుకాణం మూసి, కూతుర్ని వెంటబెట్టుకుని, గమ్యం దగ్గర కంచె పట్టుకుని నిలబడింది. మొదటివాడు వచ్చాడు, తాతయ్య కాదు. మొదటి పదిమంది, తాతయ్య లేడు. ముప్ఫై మంది దాటారు. ఇంతలో నలుగురైదుగురి మధ్య, మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుని, తాతయ్య వచ్చాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని ఆవిడ భయపడింది.

"ఎన్నో స్థానం నాన్నా?" అడిగింది కూతురు.

"నలభై ఏడు!"

"దానికింత సంతోషమా?" అంది ఆవిడ.

తాతయ్య సైకిల్ కంచెకు ఆనించి, హెల్మెట్ తీసి, ఊపిరి కూడదీసుకున్నాడు. "పొద్దున పదో కిలోమీటరు దగ్గర కొంచెం ముందుకు జరిగానా, నక్క మనుషులు ముగ్గురు నా వెనకాలే లేచారు. సరే, వెనక్కి వచ్చా. ఇరవై దగ్గర మళ్లీ జరిగా, మళ్లీ ముగ్గురు. తినడానికి సంచి అందుకుందామని రోడ్డు పక్కకు వెళ్లానా, వాళ్లూ పక్కకే. ఒంటేలుకి ఆగుదామని వేగం తగ్గించా. ఆ పొడుగోడు కూడా తగ్గించి, ఎక్కడికి అంకుల్ అని అడిగాడు! చెట్టు దాకా వచ్చాడు, తెలుసా? చెట్టు దాకా!"

కూతురు పడీపడీ నవ్వింది. ఆవిడకు కూడా నవ్వాగలేదు.

"జానెడు కదలనివ్వలేదు నన్ను" అన్నాడు తాతయ్య, ఎవరో బిరుదు ఇచ్చినట్టు. "మొత్తం పందెంలో నన్ను చూసినంతగా ఇంకెవర్నీ చూడలేదు వాళ్లు. రాకెట్‌ను పట్టించుకునేవాడే లేడు. వాడు హాయిగా మూడోవాడిగా వచ్చాడు."

"అయితే వచ్చే వారం కూడా ఉందా ఈ తతంగం?" అని ఆవిడ తువ్వాలు అందించింది.

"ఉండకేం. వచ్చే వారం నలుగుర్ని పెడతాడు నక్క" అన్నాడు మొహం తుడుచుకుంటూ, తడి మేజోళ్లు మార్చుకోవడానికి బస్సు వైపు గబగబా నడుస్తూ.